ఎలక్ట్రానిక్ డ్రమ్స్‌కు ఏ బాక్స్ కొనాలి: ఒక గది, ఒక చర్చి హాలు, ఒకే స్పీకర్

మీరు రాసిన పరిస్థితి నాకు అర్థమైనంతవరకు ఇది. గుంటూరులో మేడమీది వాటాలో, 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు ఉన్న గదిలో రోలాండ్ టీడీ-07 మాడ్యూల్ (ప్యాడ్ల మీద పడే దెబ్బలను డ్రమ్ శబ్దాలుగా మార్చే పెట్టె) ఉన్న ఎలక్ట్రానిక్ డ్రమ్ కిట్ మీద సాధన చేస్తున్నారు. ఆదివారాలు అదే కిట్‌ను 200 మంది పట్టే చర్చి హాలుకు తీసుకెళ్లి కీబోర్డు, బేస్ గిటార్, లీడ్ గిటార్‌లతో కలిసి వాయిస్తున్నారు. స్నేహితుడు తన 100 వాట్ల బేస్ యాంప్‌ను (బేస్ గిటార్ కోసం చేసిన యాంప్లిఫైయర్, స్పీకర్ కలిసిన పెట్టె) సగం ధరకు ఇస్తానంటున్నాడు, షాపువారేమో 30 వాట్ల డ్రమ్ మానిటర్ (డ్రమ్స్ కోసమే చేసిన స్పీకర్) సరిపోతుందంటున్నారు. ఒక్కదానికే డబ్బు ఉంది కాబట్టి ఈ రెండింటిలో ఏది తీసుకోవాలని మీ ప్రశ్న.

జవాబు ముందే చెప్పి, కారణాలు తర్వాత వివరిస్తాను. ఆ రెండూ వద్దు. ఇంకొన్నాళ్లు ఆగి, కొంత డబ్బు జత చేసి, 12 అంగుళాల ఊఫర్ (కింది స్వరాల స్పీకర్), దాని పైన గరాటులాంటి హార్న్‌తో కూడిన ట్వీటర్ (పై స్వరాల స్పీకర్), లోపలే యాంప్లిఫైయర్ ఉన్న, సభలకు వాడే పీఏ స్పీకర్‌ను, అంటే మన సౌండ్ వాళ్లు యాక్టివ్ బాక్స్ అని పిలిచేదాన్ని, ఒకటి తీసుకోండి. నేను చాలా ఏళ్లు పెళ్లి ఆర్కెస్ట్రాల్లో ప్యాడ్స్ వాయించి, ఆ తర్వాత మిక్సర్ వెనక్కి చేరినవాణ్ని. ఈ విషయంలో చేయదగిన పొరపాట్లన్నీ సొంత ఖర్చుతోనే చేశాను కాబట్టి కొంత విస్తారంగా చెబితే విసుక్కోవద్దు.

గిటార్ వాయించేవారికి యాంప్ వాద్యంలో సగం. తీగ నుంచి వచ్చే బలహీనమైన సిగ్నల్‌కు రంగును, గరుకుదనాన్ని ఇచ్చేది అదే కాబట్టి వారు దాని గొంతు విని ఎంచుకుంటారు. ఎలక్ట్రానిక్ డ్రమ్స్ సంగతి దీనికి పూర్తిగా వేరు. మంచి కిట్‌ను మంచి గదిలో పెట్టి, మంచి మైకులతో రికార్డు చేసి, గది ప్రతిధ్వనితో సహా సరిదిద్దిన శబ్దమే మాడ్యూల్ నుంచి బయటకు వస్తుంది. అంటే వంట అయిపోయింది, ఇక మిగిలింది వడ్డన మాత్రమే, వడ్డించేవాడు కూరలో మళ్లీ ఉప్పు వేయకూడదు. మాడ్యూల్ ఇచ్చినదానికి తనవైపు నుంచి ఏమీ కలపకుండా, అందులోంచి ఏమీ తీయకుండా, కావలసినంత గట్టిగా వినిపించడమే మీరు కొనబోయే స్పీకర్ చేయవలసిన పని. ఇది వినడానికి చిన్న కోరికలా ఉంటుంది కానీ, డ్రమ్స్ విషయంలో దీన్ని తీర్చగలిగే పెట్టెలు తక్కువ.

ఎందుకంటే మనిషి చెవికి వినిపించే పరిధిలో దాదాపు ఈ కొన నుంచి ఆ కొన వరకు డ్రమ్ కిట్ ఒక్కటే ఆక్రమిస్తుంది. కాలితో తొక్కి మోగించే కిక్ డ్రమ్‌లోని బరువు 50 నుంచి 80 హెర్ట్జ్ (సెకనుకు అన్ని కంపనాలు) దగ్గర ఉంటుంది, దాని మీద బీటర్ తగిలినప్పుడు వచ్చే టక్కుమనే చప్పుడు 2,000 నుంచి 5,000 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. స్నేర్ నిండుదనం 200 దగ్గర, దాని అడుగున ఉండే తీగల చరచర 5,000 పైన, హైహ్యాట్, క్రాష్ అనే సింబల్స్ (లోహపు పళ్లేలు) మెరుపు 10,000 దాటి కూడా సాగుతాయి. సాధారణ గిటార్ యాంప్‌లోని స్పీకర్ 80 హెర్ట్జ్ కింద, 5,000 హెర్ట్జ్ పైన చాలా వేగంగా తగ్గిపోతుంది, గిటార్‌కు అదే అందం. మీ స్నేహితుడి బేస్ యాంప్ కింది వైపు నయమే. బేస్ గిటార్ నాలుగో తీగ ఊరికే మీటితే 41 హెర్ట్జ్ స్వరం పలుకుతుంది కాబట్టి ఆ ప్రాంతాన్ని భరించేలానే దాన్ని తయారుచేస్తారు. అందుకే దానికి మీ కిట్ తగిలించి కిక్ తొక్కగానే చాలామంది మురిసిపోయి, అక్కడికక్కడే బేరం కుదుర్చుకుంటారు. రెండు నిమిషాలు ఆగి హైహ్యాట్ మీద పదహార్లు (ఒక తాళం దెబ్బకు నాలుగు చొప్పున) వాయించి వినండి. ట్వీటర్ లేని బేస్ యాంప్ అయితే ఆ హైహ్యాట్ మీద ఎవరో తడి తువ్వాలు కప్పినట్టు ఉంటుంది. దాంతో మీరు తెలియకుండానే చేయి గట్టిగా వేయడం మొదలుపెడతారు, ఆరు నెలల్లో ఆ అలవాటు మణికట్టుకు పట్టుకుంటుంది. స్నేహితుడి యాంప్‌లో హార్న్ గానీ ట్వీటర్ గానీ ఉండి, టోన్ నాబ్‌లన్నీ మధ్యలో పెట్టినప్పుడు సింబల్స్ స్పష్టంగా వినిపిస్తే మాత్రం ఇంటి సాధనకు అది పనికొస్తుంది. ఆ ఒక్క మినహాయింపు ఇస్తాను.

కీబోర్డు యాంప్ ఇంతకంటే దగ్గరి చుట్టం. పియానో కూడా పూర్తి పరిధి ఉన్న వాద్యమే కాబట్టి వాటిలో ఊఫర్, ట్వీటర్ రెండూ ఉంటాయి. చాలా చర్చిల్లో కీబోర్డుకూ ప్యాడ్స్‌కూ కలిపి అలాంటి పెట్టె ఒకటే పెట్టి ఏళ్ల తరబడి నెట్టుకొస్తున్నారు. ఇప్పటికే ఒకటి ఉంటే వాడుకోండి, కొత్తగా కొనాలంటే మాత్రం అదే ధరకు పీఏ స్పీకర్ ఎక్కువ శబ్దాన్ని, తక్కువ బరువుతో ఇస్తుంది.

పరిధి కంటే ముఖ్యమైనది, షాపుల్లో ఎవరూ చెప్పనిది ఇంకొకటి ఉంది. డ్రమ్ దెబ్బ అనేది కొన్ని మిల్లీసెకన్లపాటు నిలిచే శిఖరం. మీరు వాయిస్తున్నప్పుడు సగటు శబ్దం ఒక స్థాయిలో ఉంటే, స్నేర్ గానీ కిక్ గానీ పడిన క్షణంలో అది ఆ సగటు కంటే 15 నుంచి 20 డెసిబెల్స్ పైకి లేస్తుంది. మనం ఫోన్‌లో వినే సినిమా పాటలో ఆ శిఖరాలను మాస్టరింగ్ చేసేటప్పుడే చాలావరకు నొక్కేసి ఉంటారు, మాడ్యూల్ నుంచి వచ్చే దెబ్బలకు అంత నొక్కుడు ఉండదు. పాటలు బ్రహ్మాండంగా వినిపించే హోమ్ థియేటర్ డ్రమ్స్ తగిలించగానే పటపటలాడటానికి కారణం ఇదే. తెనాలి దగ్గర ఒక పెళ్లిలో ఆర్కెస్ట్రా బాక్సులు రావడం ఆలస్యమై, మైక్ సెట్ ఆయనను బతిమాలి, మంత్రాలకోసం పందిట్లో కట్టిన కాలమ్ స్పీకర్లకు నా ప్యాడ్స్ కలిపాను. మాటల కోసం చేసిన ఆ స్పీకర్లు మొదటి పాట పల్లవి వరకు ఓపిక పట్టాయి. చరణం సగంలో ఒక స్పీకర్ గొంతు పోయింది, ఆ రాత్రి నా పారితోషికం దాని రిపేరుకే చాలలేదు. తప్పు ఆ స్పీకర్‌ది కాదు, నూటికి నూరుపాళ్లు నాదే.

ఇక్కడ వాట్ల లెక్క కొంత తెలుసుకోవాలి. యాంప్లిఫైయర్ శక్తిని రెట్టింపు చేస్తే శబ్దం పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే, అది పెరిగినట్టు తెలుస్తుందంతే. చెవికి రెట్టింపు గట్టిగా అనిపించాలంటే 10 డెసిబెల్స్ పెరగాలి, అందుకు శక్తి 10 రెట్లు కావాలి. మీకు చెప్పిన 30 వాట్ల మానిటర్‌నే తీసుకుందాం. ఒక వాట్‌కు ఒక మీటరు దూరంలో 90 డెసిబెల్స్ ఇచ్చే స్పీకర్ అందులో ఉందనుకుంటే, మొత్తం 30 వాట్లూ వాడినప్పుడు దాదాపు 105 వస్తుంది. ఆ 105 శిఖరాలకు సరిపోవాలి కాబట్టి సగటు 85 నుంచి 90 మధ్య ఆగిపోతుంది. గదిలో ఒంటరిగా వాయించుకోవడానికి ఇది హాయిగా చాలుతుంది. బేస్ గిటార్, లీడ్ గిటార్ మొదలైన తర్వాత వేదిక మీద సగటే 95 దాటుతుంది కాబట్టి అక్కడ మీ స్నేర్ పల్చబడి, కిక్ అట్టపెట్టె మీద కొట్టినట్టు అవుతుంది. పెట్టెలో ఉండే రక్షణ సర్క్యూట్ శిఖరాలను నొక్కేస్తుంది. చాలామంది అప్పుడు మాడ్యూల్‌లో కిట్ బాగాలేదనుకుని సౌండ్స్ మార్చుతూ కూర్చుంటారు.

వాట్ల అంకెల్లో కూడా మాయ ఉంది. ఒకప్పుడు టేప్ రికార్డర్ల మీద పీఎంపీఓ (క్షణకాలపు గరిష్ఠ శక్తి) పేరుతో వేలకు వేల వాట్లు అచ్చువేసేవారు, ఆ పెట్టె ప్లగ్గు లాగే విద్యుత్తు ఇరవై వాట్లు కూడా ఉండేది కాదు. పీఏ స్పీకర్ల మీద అంత అన్యాయం లేదు కానీ, పెద్ద అక్షరాల్లో ఉండేది క్షణకాలపు శక్తి, చిన్న అక్షరాల్లో ఉండేది నిలకడగా ఇవ్వగల శక్తి. ఉదాహరణకు యమహా డీబీఆర్12 మీద ఉండే 1,000 వాట్లు క్షణకాలపు లెక్క, నిలకడ లెక్క 465 వాట్లు. కంపెనీ రెండూ దాచకుండా చెబుతుంది, అది మెచ్చుకోదగిన విషయం. క్షణకాలపు అంకె ఒక్కటే వేసి ఊరుకున్న పెట్టెను నేను అనుమానంతోనే చూస్తాను. వాట్ల కంటే నమ్మదగినది గరిష్ఠ శబ్దస్థాయి, అంటే మ్యాక్స్ ఎస్పీఎల్ అని ఉండే అంకె. అది 125 డెసిబెల్స్ పైన ఉన్నది చూడండి. ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ 6 డెసిబెల్స్ తగ్గుతాయి కాబట్టి 4 మీటర్ల దూరంలో ఉన్న గాయకుడికి అందులో 12 పోయినా, శిఖరాలకు కావలసినంత జాగా మిగులుతుంది. హాలు లోపల గోడల నుంచి తిరిగొచ్చే శబ్దం వల్ల తగ్గుదల ఇంకా తక్కువే ఉంటుంది.

ఊఫర్ 12 అంగుళాలే ఎందుకంటే, ఒకే శబ్దస్థాయికి ఒక అష్టకం కిందికి, అంటే హెర్ట్జ్ సగానికి, దిగినప్పుడల్లా కోన్ నాలుగు రెట్లు ఎక్కువ దూరం కదలాలి. 100 హెర్ట్జ్ దగ్గర సులువుగా కదిలే కోన్ 50 దగ్గర ఆయాసపడుతుంది. కదలికను తగ్గించాలంటే వైశాల్యం పెంచాలి, 8 అంగుళాల దానితో పోలిస్తే 12 అంగుళాల కోన్ వైశాల్యం రెండుంపావు రెట్లు. 15 అంగుళాలది ఇంకా మంచిది కదా అంటే, దాన్ని మేడ మెట్లమీంచి ఆదివారం ఉదయం ఒక్కరే దింపవలసింది మీరే. 10 అంగుళాల డీబీఆర్10 బరువు 10.5 కిలోలు, 12 అంగుళాలది 15.8 కిలోలు. కిట్, స్టాండ్, బాక్స్ అన్నీ ఒకే ఆటోలో సర్దుకోవాలన్నప్పుడు ఈ తేడా చిన్నది కాదు. వెన్ను సహకరించనివారు 10 అంగుళాలది తీసుకున్నా నేను తప్పుపట్టను, హాలులో కిక్ లోతును ఎలాగూ జనం వైపు ఉండే మెయిన్ బాక్సులు చూసుకుంటాయి.

డ్రమ్స్ కోసమే తయారుచేసిన మానిటర్లు చెడ్డవని నా ఉద్దేశం కాదు. రోలాండ్ వారి పీఎం-100లో 10 అంగుళాల ఊఫర్, 80 వాట్లు, పీఎం-200లో 12 అంగుళాల ఊఫర్, 180 వాట్లు ఉంటాయి. ఇంట్లో వాడుకోవడానికి రెండూ బాగుంటాయి, పీఎం-200 చిన్న బ్యాండ్‌తో కూడా నిలబడుతుంది. కానీ ఆ పెట్టె డ్రమ్స్‌కు తప్ప ఇంకెందుకూ అంత చక్కగా ఒదగదు. పీఏ స్పీకర్ అయితే రేపు మీరు డ్రమ్స్ మానేసినా పాటకు, ప్రసంగానికి, పుట్టినరోజుకు పనికొస్తుంది, అమ్మాలన్నా వారంలో అమ్ముడుపోతుంది. బడ్జెట్ ఒక్కదానికే ఉన్నప్పుడు ఈ సంగతి కూడా లెక్కలోకి వస్తుంది.

ఇక మీ గది. ఇక్కడ కొంచెం నిరాశపరచక తప్పదు. ఎదురెదురుగా ఉన్న రెండు గోడల మధ్య దూరానికి రెట్టింపు పొడవున్న శబ్ద తరంగం ఆ గదిలో నిలిచిపోయి మోగుతుంది. మీ గది 10 అడుగుల వెడల్పుకు ఆ స్వరం సుమారు 56 హెర్ట్జ్, 12 అడుగుల పొడవుకు సుమారు 47. స్లాబు ఎత్తు కూడా 10 అడుగులే అయితే, చాలా ఇళ్లలో అంతే కాబట్టి, 56 దగ్గర రెండు జతల తలాలు కలిసి ఒకే స్వరాన్ని ఊపుతాయి. కిక్ డ్రమ్ నివసించేది సరిగ్గా అక్కడే. బాక్స్‌ను గది మూలలో నేలమీద పెడితే ఈ గుబగుబ ఇంకా పెరుగుతుంది, ఎందుకంటే దగ్గరున్న ప్రతి గోడా, నేలా కింది స్వరాలను తిరిగి గదిలోకే తోస్తాయి. కాబట్టి ఇంట్లో బాక్స్‌ను మూలకు దూరంగా, స్టూలు మీద, ట్వీటర్ మీ చెవి ఎత్తుకు వచ్చేలా, మీ ఎడమవైపు కొద్దిగా వెనక పెట్టండి. అప్పటికీ గుబగుబ పోకపోతే మాడ్యూల్‌లో ఈక్యూ (ఏ స్వరాలు ఎంత వినిపించాలో సరిచేసే అమరిక) తెరిచి కింది స్వరాలను కొంచెం తగ్గించి, చర్చికి వెళ్లినప్పుడు మళ్లీ మామూలు చేయండి. ఈ రెండింటికీ రెండు వేర్వేరు కిట్‌లుగా సేవ్ చేసుకుంటే ఆదివారం కంగారు ఉండదు.

కింది వాటావారి సంగతి వేరే. వారికి మీ స్పీకర్ కంటే మీ పాదమే ఎక్కువ వినిపిస్తుంది. కిక్ పెడల్ బీటర్ ప్యాడ్‌ను తాకిన అదురు ర్యాక్ (కిట్‌ను మోసే చట్రం) కాళ్లగుండా స్లాబులోకి దిగుతుంది, మీరు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని నిశ్శబ్దంగా వాయిస్తున్నాననుకునే సమయంలోనూ కింద సీలింగ్ మీద ఎవరో రోకలి వేసినట్టు ఉంటుంది. రెండు ప్లైవుడ్ పలకల మధ్య సగానికి కోసిన టెన్నిస్ బంతులు అమర్చి, దానిమీద కిట్ మొత్తం పెట్టుకోవడం చవకైన ఉపాయం, చాలావరకు పనిచేస్తుంది కూడా. శబ్ద కాలుష్య నియంత్రణ నియమాలు, 2000 ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి, రాత్రి అంటే 10 గంటల నుంచి ఉదయం 6 వరకు. ఏ బాక్స్ కొన్నా ఇంట్లో మీ సాధనలో ఎక్కువ భాగం హెడ్‌ఫోన్స్‌తోనే జరుగుతుందని దీన్నిబట్టి అర్థమవుతుంది. కాబట్టి బడ్జెట్‌లో కొంత మంచి, చెవిని పూర్తిగా కప్పే, వెనకభాగం మూసి ఉన్న హెడ్‌ఫోన్స్‌కు కేటాయించండి. ప్యాడ్ చప్పుడు బయటినుంచి వినిపించకపోతే వాల్యూమ్ తక్కువలోనే సరిపోతుంది. ఇది చెవుల ఆరోగ్యం మాట: అమెరికాలోని నియోష్ సంస్థ సిఫారసు ప్రకారం 85 డెసిబెల్స్‌ను రోజుకు 8 గంటలు భరించవచ్చు, ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతుంది, 100 దగ్గరికి వచ్చేసరికి మిగిలేది 15 నిమిషాలు.

బ్లూటూత్ స్పీకర్‌తో గడిపేయవచ్చా అని కూడా చివర్లో అడిగారు. కుదరదు. మీ మాడ్యూల్‌లో ఉన్న బ్లూటూత్ ఫోన్‌లోని పాటను లోపలికి తెచ్చుకోవడానికే తప్ప డ్రమ్స్ శబ్దాన్ని బయటికి పంపడానికి కాదు. మధ్యలో ఇంకేదైనా పరికరం పెట్టి పంపినా సాధారణంగా 100 నుంచి 200 మిల్లీసెకన్ల ఆలస్యం వస్తుంది. గాలిలో శబ్దం ఒక మీటరు నడవడానికి పట్టేది దాదాపు 3 మిల్లీసెకన్లు, అంటే ఆ ఆలస్యం మీ స్పీకర్‌ను ముప్పై, అరవై మీటర్ల దూరంలో పెట్టి వాయించడంతో సమానం. అలా తాళం నిలబెట్టడం ఎవరి తరమూ కాదు.

చర్చి హాలుకు వద్దాం. మీ బాక్స్ హాలంతటికీ వినిపించాలని అనుకోవద్దు, దాని పని వేదిక వరకే. మామూలు డ్రమ్స్ అయితే వేదిక మీద వాటంతట అవే మోగుతాయి, ఎలక్ట్రానిక్ కిట్ దగ్గర కూర్చున్న బేస్ గిటారిస్టుకు వినిపించేది రబ్బరు, మెష్ మీద పుల్లలు తగిలే చప్పుడు మాత్రమే. గాయకులకు అది కూడా వినిపించదు. తాళం సాగుతోందని, పరిగెడుతోందని ఆదివారం సాయంత్రం జరిగే తగవుల్లో సగం దీనివల్లే. కాబట్టి బాక్స్‌ను మీ వెనక ఒక పక్కగా, మీకూ బేస్ గిటారిస్టుకూ మధ్య సందులోంచి గాయకుల వైపు చూసేలా పెట్టండి. మైకుల ముందుకు మాత్రం రానివ్వకండి. జనానికి వినిపించే పని మెయిన్ బాక్సులకు అప్పగించండి, అందుకు మాడ్యూల్ సిగ్నల్ మిక్సర్‌కు చేరాలి.

ఒకటే బాక్స్ కాబట్టి మాడ్యూల్ వెనక ఎల్/మోనో అని ఉన్న జాక్ నుంచి ఒక్క కేబుల్ చాలు. ఆర్ జాక్‌లో ఏ కేబుల్ కొన కూడా ఉంచకండి. అందులో ఏదైనా గుచ్చి ఉంటే మాడ్యూల్ రెండు పక్కలుగా వాడుతున్నారనుకుని ఎడమ సగాన్ని మాత్రమే ఎల్ ద్వారా పంపుతుంది, అప్పుడు ఒక టామ్ డ్రమ్, ఒక క్రాష్ నీరసంగా వినిపిస్తాయి. ఇది నేను మూడు హాళ్లలో, ముగ్గురు అనుభవజ్ఞుల దగ్గర చూసిన పొరపాటు. ఈ జాక్ నుంచి వచ్చే కేబుల్ అన్‌బ్యాలెన్స్‌డ్, అంటే బయటి రొదను రద్దు చేసుకోలేనిది, కాబట్టి ఐదారు మీటర్లు మించకూడదు, పొడవు పెరిగేకొద్దీ ట్యూబ్‌లైట్ల, ఫ్యాన్ రెగ్యులేటర్ల గుయ్‌మనే శబ్దం అందులోకి చేరుతుంది. బాక్స్ వెనక లింక్ అనో త్రూ అనో పేరున్న ఎక్స్‌ఎల్‌ఆర్ (మైక్ కేబుళ్లకు వాడే మూడు పిన్నుల) సాకెట్ ఉంటే, దానినుంచి మిక్సర్‌కు మైక్ కేబుల్ లాగండి. ఆ సాకెట్ బాక్స్ వాల్యూమ్ నాబ్‌కు ముందు ఉందో వెనక ఉందో మాన్యువల్‌లో చూసుకోండి, వెనక ఉంటే మీరు వేదిక మీద వాల్యూమ్ తగ్గించినప్పుడల్లా హాలులో కూడా తగ్గుతుంది. మిక్సర్ ఆపరేటర్‌తో స్నేహం చెడగొట్టుకోవడానికి ఇంతకంటే సులువైన దారి లేదు. అలాంటి సాకెట్ లేకపోతే మాడ్యూల్ పక్కనే ఒక డీఐ బాక్స్ పెట్టండి, అది సిగ్నల్‌ను బ్యాలెన్స్‌డ్‌గా మార్చి ఇరవై ముప్పై మీటర్ల దూరాన్ని శుభ్రంగా దాటిస్తుంది.

డీఐ బాక్స్‌తో ఇంకో లాభం, దానిమీద ఉండే గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్. వేదిక మీది కరెంటు ఒక బోర్డు నుంచి, మిక్సర్ కరెంటు ఇంకో బోర్డు నుంచి వచ్చినప్పుడు రెండు ఎర్త్‌ల మధ్య తేడా వల్ల హమ్ (ఆగని గుయ్‌మనే మోత) మొదలవుతుంది. ఆ స్విచ్ నొక్కితే సాధారణంగా పోతుంది. దానికి బదులు ప్లగ్గులోని ఎర్త్ పిన్ను విరిచేయడం, రెండు పిన్నుల అడాప్టర్ తగిలించడం మన దగ్గర పాత అలవాటు. ఆ పని ఎప్పుడూ చేయకండి, చేయనివ్వకండి. ఏదో ఒక పరికరంలో లీకేజీ ఉంటే ఆ కరెంటు అప్పుడు మైకు పట్టుకున్న మనిషిగుండా దారి వెతుక్కుంటుంది. వీలైతే వేదిక మీది పరికరాలు, మిక్సర్ ఒకే బోర్డు నుంచి కరెంటు తీసుకునేలా చూడండి, సగం హమ్ అక్కడే తీరిపోతుంది.

స్థాయిలు కుదర్చడంలో ఒకే పద్ధతి పాటించండి. మాడ్యూల్ మాస్టర్‌ను మూడొంతుల దగ్గర పెట్టి, బాక్స్ ఇన్‌పుట్ స్విచ్ మైక్ మీద కాకుండా లైన్ మీద ఉందని చూసుకుని, అప్పుడు బాక్స్ నాబ్‌ను సున్నా నుంచి నెమ్మదిగా పెంచండి. మాడ్యూల్‌ను బాగా తగ్గించి బాక్స్‌ను బాగా పెంచితే హిస్ శబ్దం వినిపిస్తుంది. మీరు వాయించగలిగినంత గట్టిగా కిక్, స్నేర్, క్రాష్ ఒకేసారి వేసినప్పుడు లిమిట్ దీపం (బాక్స్ తన శక్తి అంచుకు చేరిందని చూపేది) రెప్పపాటు వెలిగినా ఫర్వాలేదు, ప్రతి దెబ్బకూ వెలుగుతుంటే తగ్గించండి. చాలా బాక్సుల్లో కింది, పై స్వరాలను పెంచి మధ్యవాటిని తగ్గించే బటన్ ఒకటి ఉంటుంది, యమహాలో దాని పేరు డి-కాంటూర్. పాటలు పెట్టి అమ్మడానికి షాపువారు దాన్ని ఆన్ చేసి ఉంచుతారు, డ్రమ్స్‌కు దాన్ని ఆఫ్‌లో పెట్టండి. వంట విషయంలో ఇందాక చెప్పిన ఉప్పు ఇదే. కింది స్వరాలను కోసేసే హై పాస్ ఫిల్టర్ బటన్ కూడా అంతే. సబ్ ఊఫర్ జత చేసినప్పుడు తప్ప దాన్ని నొక్కితే మీ కిక్ సగం మాయమవుతుంది.

సబ్ ఊఫర్ మీకు ఇప్పట్లో అవసరం లేదు. రెండు చవక బాక్సులు తీసుకుని స్టీరియోలో వాయించాలనే కోరిక కూడా వాయిదా వేయండి, అదే డబ్బుకు ఒక్కటి మంచిది వస్తుంది. కొత్త ఏడాదిలో డబ్బు సమకూరితే అదే మోడల్ ఇంకొకటి కొని జత చేసుకోవచ్చు. అమెరికాలో ఉన్న బంధువులతో తెప్పించుకుందామనుకుంటే బాక్స్ వెనక 100-240 వోల్టులు అని ఉందో లేదో ఫోటో తీసి పంపమనండి. 120 వోల్టులు మాత్రమే ఉన్నదాన్ని ఇక్కడి 230కి పెడితే పని అక్కడితో సరి. పండుగ రోజుల్లో జనరేటర్ మీద నడిచే చోటుకు కూడా విస్తృత వోల్టేజీని తట్టుకునే రకమే మేలు. మే నెల గుంటూరు ఎండలో బాక్స్ వెనకభాగాన్ని గోడకు ఆనించకండి, వేడి బయటికి పోవడానికి జానెడు ఖాళీ ఉంచకపోతే రక్షణ సర్క్యూట్ పాట మధ్యలో ఆపేస్తుంది.

షాపుకు వెళ్లేటప్పుడు మాడ్యూల్, ఒక స్నేర్ ప్యాడ్, ఒక సింబల్, కిక్ పెడల్, మీ సొంత కేబుల్ తీసుకెళ్లండి. వారు పెట్టే పాట వినవద్దు. ముందు కిక్ ఒక్కటే తొక్కి, దెబ్బ పడ్డాక శబ్దం వెంటనే ఆగుతోందా, బూమ్ అంటూ సాగుతోందా చూడండి. తర్వాత హైహ్యాట్ మీద మెల్లగా మొదలుపెట్టి గట్టిగా ముగించి, ఆ పెరుగుదల మెట్లుగా కాకుండా సాఫీగా ఉందో లేదో గమనించండి. స్నేర్ మీద ఘోస్ట్ నోట్స్ (చాలా మెల్లని దెబ్బలు) వేసి మూడు మీటర్లు వెనక్కి నడిచిన మీ స్నేహితుడిని అవి వినిపిస్తున్నాయా అని అడగండి. ఏమీ వాయించకుండా అర నిమిషం ఆగి, లోపలి ఫ్యాన్ గానీ హిస్ గానీ సాధన గదిలో మిమ్మల్ని చికాకుపెట్టేంత ఉందేమో చెవి పెట్టి వినండి. సెకండ్‌హ్యాండ్ అయితే ఫోన్ నుంచి 40 హెర్ట్జ్ మొదలుకుని 200 వరకు నెమ్మదిగా పెరిగే ఒకే స్వరాన్ని మధ్యస్థ వాల్యూమ్‌లో పంపండి. ఎక్కడైనా గరగరమంటే కోన్ చిరిగిందనో, కాయిల్ రాసుకుంటోందనో, పెట్టె మరలు వదులయ్యాయనో లెక్క. మరలైతే బిగించుకోవచ్చు, మిగతా రెండిటిలో ఏదైనా అయితే ధర తగ్గించమని అడగకుండా వెనక్కి వచ్చేయండి.

మీ స్నేహితుడి బేస్ యాంప్ గురించి ఒక మాట. మీ బేస్ గిటారిస్టుకు సొంత యాంప్ లేకపోతే దాన్ని అతనికి ఇప్పించండి. ఇప్పుడు అతను కీబోర్డు పెట్టెలోనే దూరి వాయిస్తుంటే, ఈ మార్పుతో మీ కిక్ కూడా మునుపటికంటే స్పష్టంగా వినిపిస్తుంది.